నేవీ ఓడలు పక్కనే ఉన్నా ట్యాంకర్‌ను ఎందుకు ఆపుతారు? మైన్లు ఎలా తీస్తారు?

గంజాం జిల్లా రామయపట్నం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడు ఆయిల్ ట్యాంకర్ మీద ఏబీగా, అంటే డెక్ పనులు, వాచ్ చూసే నావికుడిగా చేస్తున్నాడు. ఓడ హోర్ముజ్ జలసంధి దాటి గల్ఫ్ లోపలికి వెళ్ళాలి. లోపల నీళ్ళలో పేలే మైన్లు ఉన్నాయేమోనన్న అనుమానంతో, జలసంధికి ఇవతలే ఉన్న యూఏఈ రేవు ఫుజైరా బయట లంగరేసి ఆపేశారట. మన నేవీ ఓడలు అటు తిరుగుతున్నాయని టీవీలో చూపిస్తున్నారు. మరి అవి ఉండగా ఆపడం దేనికి? మైన్లు అసలు ఎలా తీస్తారు? తమ్ముణ్ణి దిగి వచ్చేయమని చెప్పాలా? అమ్మ సరిగా అన్నం కూడా తినట్లేదు."

అమ్మా, మీ అమ్మగారికి ముందు ఈ ఒక్క మాట చెప్పండి. ఓడ ఆగి ఉందంటే ఎవరో ఆలోచించే పని చేస్తున్నారని అర్థం. మైన్ల అనుమానం ఉన్న చోట భయపడాల్సింది ఆగిన ఓడ గురించి కాదు, "పర్వాలేదు, పద" అని తొందరపెట్టి పంపిన ఓడ గురించి. నేను బరంపురం వాణ్ణి. చిలికా ఒడ్డున ఐఎన్ఎస్ చిలికాలో ట్రైనింగ్ అయ్యాక వైజాగ్‌లో మైన్లు తీసే ఓడలైన మైన్ స్వీపర్ల మీద చాలా ఏళ్ళు పని చేసి రిటైర్ అయ్యాను. మన రామయపట్నం, మార్కండి, సోనాపూర్ వైపు నుంచి ఎంతమంది పిల్లలు ఓడల మీదికి వెళ్తున్నారో నాకు తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

టీవీలో మీకు కనిపించేవి డెస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు అనే యుద్ధనౌకలు. వాటి పని వేరు, మైన్లు తీసే ఓడల పని వేరు. జనం ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, సగం టెన్షన్ అక్కడి నుంచే వస్తుంది.

డెస్ట్రాయర్ ఏం చేయగలదో ముందు చెప్తాను, ఎందుకంటే అది నిజంగా చాలా చేస్తుంది. 2019 జూన్‌లో ఒమన్ గల్ఫ్‌లో రెండు ట్యాంకర్ల మీద దాడులు జరిగాక మన నేవీ ఆపరేషన్ సంకల్ప్ మొదలుపెట్టింది. మన జెండా ఉన్న ఓడలకు తోడుగా వెళ్ళడం, రేడియోలో పలకరిస్తూ ఉండటం, పైనుంచి విమానంతో చూడటం అప్పటి నుంచి జరుగుతున్నాయి. అంతకుముందే, 2008 నుంచి, ఏడెన్ గల్ఫ్‌లో సముద్రపు దొంగల మీద కాపలా ఉంది. 2024 జనవరి 4న లీలా నార్ఫోక్ అనే ఓడ మీదికి దొంగలు ఎక్కినప్పుడు ఐఎన్ఎస్ చెన్నై నుంచి మార్కోస్ కమాండోలు వెళ్ళి లోపల దాక్కున్న 21 మందిని బయటకు తెచ్చారు, అందులో 15 మంది మనవాళ్ళే. అదే నెల 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు మిసైల్ తగిలి మంటలు లేస్తే ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి పది మంది ఫైర్ టీమ్ ఆ మండుతున్న ఓడ ఎక్కింది. ఆ ట్యాంకర్ మీద 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. ఇట్టే అంటుకునే నాఫ్తా నింపుకున్న ఓడ అది. ఆ డెక్ మీద అడుగు పెట్టడమంటే ఏమిటో ట్యాంకర్ మీద పని చేసే మీ తమ్ముణ్ణి అడగండి, చెప్తాడు. మార్చిలో రుయెన్ అనే ఓడను ఐఎన్ఎస్ కోల్‌కతా సుమారు 40 గంటలు వెంటాడి 35 మంది దొంగల్ని లొంగదీసింది, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు.

అంటే దొంగలొస్తే, స్పీడ్ బోట్లొస్తే, డ్రోన్లు, మిసైళ్ళు వస్తే యుద్ధనౌక పక్కన ఉండటం చాలా పెద్ద ధైర్యం. మైన్ దగ్గర మాత్రం ఆ ధైర్యం పనికిరాదు. నీళ్ళ కింద ఉన్న మైన్‌కి డెస్ట్రాయర్ కూడా ఇంకో ఇనుప ఓడే.

ఇదే గల్ఫ్‌లో ఇది ఒకసారి రుజువైంది. ఇరాన్-ఇరాక్ యుద్ధం చివర్లో, 1987 జులైలో, అమెరికా నేవీ కువైట్ ట్యాంకర్లకు కాపలాగా వెళ్ళడం మొదలుపెట్టింది. మొట్టమొదటి కాన్వాయ్‌లోనే, జులై 24న, బ్రిడ్జిటన్ అనే పెద్ద ట్యాంకర్ మైన్‌కి తగిలింది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? కాపలాకి వచ్చిన యుద్ధనౌకలు ఆ దెబ్బ తిన్న ట్యాంకర్ వెనక్కి చేరి, దాని దారిలోనే నడిచాయి. అంత పెద్ద ట్యాంకర్ ఇంకో మైన్‌ను తట్టుకోగలదు, సన్నటి యుద్ధనౌక తట్టుకోలేదు. ఎవరికి ఎవరు కాపలా అన్నది ఒక్క పేలుడుతో తారుమారైంది. కాపలా ఓడలు చాలానే వెళ్ళాయి, ముందు దారి చూసే మైన్ స్వీపర్లే వాటితో లేవు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 14న శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికన్ ఫ్రిగేట్ అదే గల్ఫ్‌లో మైన్‌కి తగిలింది. నీళ్ళ మీద తేలుతున్న మైన్లను కాపలా నావికుడు ముందే చూశాడు. కెప్టెన్ వెనక్కి, వచ్చిన దారినే మళ్ళే ప్రయత్నంలో ఉండగానే కనపడని ఇంకోటి తగిలింది. ఓడ వెన్ను విరిగింది. రాత్రంతా సిబ్బంది పగుళ్ళను ఉక్కు తాళ్ళతో బిగించి, నీళ్ళు తోడి, మంటలార్పి ఓడను నిలబెట్టుకున్నారు. ఒక్కరూ చనిపోలేదు. ఆ మైన్ నమూనా 1908 నాటిది. ఖరీదు 1,500 డాలర్లు ఉంటుందని అంచనా, ఓడ రిపేరుకి 9 కోట్ల డాలర్ల దాకా అయింది. మైన్ అనేది పేదవాడి ఆయుధం అని మేం ట్రైనింగ్‌లో వింటూ ఉండేవాళ్ళం, ఆ లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఇప్పుడు మైన్ లోపల ఏముంటుందో చూద్దాం. ఇది తెలిస్తేనే తీయడం ఎందుకంత ఆలస్యమో అర్థమవుతుంది.

పాతకాలం రకం గుండ్రంగా ఉంటుంది, కింద బరువైన లంగరు, మధ్యలో ఉక్కు తాడు, పైన నీటి మట్టానికి కొన్ని మీటర్ల కింద గుండు. గుండు చుట్టూ కొమ్ముల్లాంటివి పొడుచుకొచ్చి ఉంటాయి. చాలా రకాల్లో ఆ కొమ్ము మెత్తటి సీసంతో చేసిందే. దాని లోపల గాజు గొట్టంలో యాసిడ్ ఉంటుంది. ఓడ ఒరుసుకోగానే సీసం వంగి గాజు పగులుతుంది, యాసిడ్ కిందికి జారి బ్యాటరీ తయారవుతుంది, ఆ కరెంటే మందును పేలుస్తుంది. ఓడ తాకేదాకా అందులో కరెంటన్నదే ఉండదు. అందుకే ఏళ్ళ తరబడి నీళ్ళలో పడున్నా అలాంటి మైన్ చచ్చిపోదు. తాడు తెగితే కొట్టుకుపోతుంది. అలా తెగిన మైన్ తనంతట తాను పనికిరాకుండా పోయేలా తయారుచేయాలని 1907 నాటి హేగ్ ఒప్పందంలో ఉంది, కానీ ఆ మాట నమ్మి ఏ నావికుడూ తేలే మైన్ దగ్గరికి వెళ్ళడు.

రెండో రకం సముద్రం అడుగున పడుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ తాకక్కర్లేదు. మీద నుంచి ఓడ వెళ్తే ఆ ఇనుము వల్ల అక్కడి అయస్కాంత బలం మారుతుంది, ప్రొపెల్లర్ చప్పుడు వినిపిస్తుంది, ఓడ కింద నీటి ఒత్తిడి తగ్గుతుంది. వీటిలో ఒకటో రెండో, కొన్నిట్లో మూడూ కలిస్తేనే అది పేలుతుంది. ఇందులో ఇంకో దుర్మార్గం ఉంది, దాన్ని షిప్ కౌంటర్ అంటారు. ఇన్ని ఓడల్ని దాటిపోనిచ్చి ఆ తర్వాతి ఓడకు పేలేలా ముందే పెట్టి పంపుతారు. ఐదుకి పెడితే మొదటి ఐదు ఓడలు చక్కగా వెళ్ళిపోతాయి. అందుకే "నిన్న ఫలానా ఓడ వెళ్ళింది కదా, ఏమీ కాలేదు కదా" అని ఎవరైనా అంటే మైన్ల మీద పని చేసినవాడికి ఒళ్ళు మండుతుంది. నిన్నటి ఓడ వెళ్ళడం ఇవాళ్టి ఓడకు ఏ హామీ ఇవ్వదు. మీ తమ్ముడి కెప్టెన్‌ని ఎవరైనా ఆ మాటతో ఒత్తిడి చేస్తుంటే అది తెలియనితనం.

ఇక తీయడం. దీనికి రెండు పద్ధతులు, స్వీపింగ్, హంటింగ్. నేను ఎక్కువగా చేసింది మొదటిది.

స్వీపింగ్ రోజు వెనక డెక్ ఎలా ఉండేదో చెప్తాను. తెల్లవారకముందే వైజాగ్ చానెల్ దాటి బయటికొచ్చేవాళ్ళం. ఓడ వెనక భాగమంతా వించ్‌లు, చుట్టలు చుట్టిన స్వీప్ వైర్లు, పసుపు రంగు ఫ్లోట్లు. వైరు వదలడం మొదలయ్యాక ఆటర్ అనే ఇనుప చట్రం నీటి ఒత్తిడికి దాన్ని పక్కకు లాగుతుంది, కైట్ అనేది కిందికి నొక్కి కావలసిన లోతులో ఉంచుతుంది, చివర్న జెండా కట్టిన ఫ్లోట్ తేలుతూ వస్తుంది. వైరు పొడవునా అక్కడక్కడా కట్టర్లు బిగించి ఉంటాయి. మైన్ తాడు ఈ వైరుకి తగిలితే జారుకుంటూ వచ్చి కట్టర్ నోట్లో పడుతుంది, తెగుతుంది, మైన్ పైకి తేలుతుంది. అప్పుడు దూరం నుంచి గన్‌తో కాలుస్తారు. డెక్ మీద ఒకతను వైరు మీద లాగుడు ఎంతుందో చూసే మీటర్ మీద నుంచి కళ్ళు తీయడు. ముల్లు ఉన్నట్టుండి లేచిందంటే కింద ఏదో పట్టుకుందని. ఆ వైరు తెగితే డెక్ మీదికి కొరడాలా వచ్చి కాళ్ళు తీసేస్తుంది, అందుకే వించ్ పక్కన గీసిన గీత దాటి ఎవరినీ నిలబడనిచ్చేవాళ్ళు కాదు. భీమిలి బయట ఆ ముల్లు లేచినప్పుడు చాలాసార్లు అది మన జాలర్ల వలే. బోటులోంచి వాళ్ళు తిడుతుంటే మా కమాండర్ గారు "నువ్వు తెలుగోడివి కదా, మాట్లాడు" అని మైకు నా చేతికిచ్చేవారు. వల నష్టం ఎంతో నాకు తెలుసు కాబట్టి నెమ్మదిగా విప్పి ఇప్పించేవాణ్ణి.

అసలైన మైన్లు ఉన్న నీళ్ళలో ఓడలు ఒకదాని వెనక ఒకటి కాస్త పక్కకు జరిగి నడుస్తాయి. మొదటి ఓడ ఊడ్చిన దారిలోనే రెండో ఓడ ముక్కు ఉండాలి, రెండోది ఊడ్చిన దారిలో మూడోది. మొదటి ఓడ మాత్రం ఎవరూ చూడని నీళ్ళలో వెళ్తుంది. అవసరం లేని ఒక్కరినీ కింది అంతస్తుల్లో ఉండనివ్వరు, అందరూ లైఫ్ జాకెట్లతో పైనే. అయస్కాంత మైన్ల కోసమైతే వెనక పొడవాటి కేబుల్ వదిలి దాంట్లోకి విడతలు విడతలుగా భారీ కరెంటు పంపుతాం, పెద్ద ఓడ వెళ్తోందని మైన్ మోసపోయి దూరంగా పేలాలి. మన ఓడ మాత్రం దానికి కనపడకూడదు. అందుకే స్వీపర్ ఒంట్లో అయస్కాంతాన్ని చంపే తీగచుట్టలు ఉంటాయి, కొన్ని దేశాలు ఓడను చెక్కతోనో ఫైబర్‌తోనో కడతాయి. చేతిలో పట్టుకునే స్పానర్ ఏ లోహమో కూడా లెక్కే.

హంటింగ్ ఇంకా నెమ్మది. సోనార్‌తో అడుగు అంతా వెతికి, కనిపించిన ప్రతి వస్తువు దగ్గర ఆగి, అది మైనా, రాయా, పాత డ్రమ్మా, ఎవరో పారేసిన లంగరా అని కెమెరా ఉన్న చిన్న యంత్రాన్ని దింపో, డైవర్‌ను దింపో తేల్చాలి. మైన్ అయితే పక్కన మందు పెట్టి దూరంగా వచ్చి పేల్చాలి. ఒక లెక్క వేసి చూపిస్తాను. 40 నాటికల్ మైళ్ళ పొడవు, 2 మైళ్ళ వెడల్పు ఉన్న దారి అనుకోండి. హంటర్ ఓడ గంటకు 3 మైళ్ళ చొప్పున ఒక్కో విడతలో 300 మీటర్ల వెడల్పు చూస్తుందనుకుందాం. పొలం సాళ్ళు దున్నినట్టు పక్కపక్కనే 13 సార్లు పోవాలి. ఒక్కో సాలుకి 13 గంటలు దాటుతుంది. అంటే ఎక్కడా ఆగకుండా రాత్రింబవళ్ళు పని చేసినా ఒక ఓడకి వారం. కానీ ఆగకుండా ఎలా? గల్ఫ్ అడుగున చెత్తకేం తక్కువ లేదు. ఒక్కో అనుమానం తేల్చడానికి గంట, ఒక్కోసారి పూట పడుతుంది. అలల్లో సోనార్ సరిగా చూడదు. పై నుంచి ఎవరైనా కాల్పులు జరుపుతుంటే ఇంత నెమ్మదిగా కదిలే ఓడను అక్కడ ఉంచలేరు. డెస్ట్రాయర్ అవసరం మళ్ళీ ఇక్కడ వస్తుంది, మైన్లు తీసేవాళ్ళ నెత్తి మీద గొడుగు అదే.

సముద్రం మొత్తం శుభ్రం చేయడం ఎవరి వల్లా కాదు, ఎవరూ ప్రయత్నించరు కూడా. ఒక సన్నటి దారిని ఎంచుకుని, దాన్ని తనిఖీ చేసి, గుర్తులు పెట్టి, ఓడల్ని అందులోంచే పంపుతారు. హోర్ముజ్ జలసంధి ఇరుకైన చోట సుమారు 21 నాటికల్ మైళ్ళు ఉన్నా, మామూలు రోజుల్లో కూడా ఓడలకు రాను రెండు మైళ్ళు, పోను రెండు మైళ్ళు, మధ్యలో రెండు మైళ్ళ ఖాళీ, అంతే దారి. అందులో మైన్ ఒకటి ఉన్నా లేకున్నా, ఉందేమోనన్న మాట చాలు రాకపోకలు ఆగడానికి. ప్రపంచం వాడే చమురులో అయిదో వంతు దాకా ఆ దారిలోనే వెళ్తుంది. అనుమానం పుట్టించడానికి ఒక రాత్రి చాలు, అనుమానం తీర్చడానికి వారాలు కావాలి. దారి తెరిచామని నేవీ అన్నాక కూడా లండన్‌లో యుద్ధ ప్రమాద బీమా వేసేవాళ్ళు నమ్మాలి, ఓడ యజమాని నమ్మాలి, కెప్టెన్ నమ్మాలి. ఆ ఆలస్యాన్ని తిట్టుకోకండి.

లెక్క తప్పితే ఏమవుతుందో 1991 ఫిబ్రవరి 18 చెప్తుంది. కువైట్ తీరంలో ఇరాక్ వెయ్యికి పైగా మైన్లు పరిచింది. వాటిని తీసే పనికి నాయకత్వం వహిస్తున్న ట్రిపోలీ అనే అమెరికన్ ఓడే తెల్లవారుజామున మైన్‌కి తగిలింది. కొన్ని గంటల తర్వాత ప్రిన్స్‌టన్ అనే క్రూజర్. శత్రువు మైన్లు ఎక్కడిదాకా పరిచాడో వేసుకున్న అంచనా తప్పింది.

మన బంగాళాఖాతంలో ఇలాంటివి జరగవని అనుకుంటాం. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్ బయట మునిగింది. ఎలా మునిగిందన్నదాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి కానీ, విక్రాంత్‌ను వెతకడంతో పాటు వైజాగ్ నోట్లో మైన్లు పరచడం కూడా దాని పనే. ఇక చిట్టగాంగ్ రేవు చూడండి. ఆ యుద్ధంలో దాని ముంగిట పరిచిన మైన్లు, మునిగిన ఓడలు కొత్తగా పుట్టిన బంగ్లాదేశ్‌కు బియ్యం కూడా దిగనివ్వని పరిస్థితి తెచ్చాయి. సోవియట్ నేవీ 1972 ఏప్రిల్‌లో వచ్చి 1974 జూన్ దాకా ఆ రేవును శుభ్రం చేసింది. యుద్ధం రెండు వారాలు కూడా పూర్తిగా సాగలేదు, శుభ్రం చేయడానికి రెండేళ్ళు దాటింది. ఆ పనిలో చనిపోయిన యూరీ రెడ్కిన్ అనే సోవియట్ నావికుడి సమాధి పతెంగాలో ఉంది. మైన్ల మీద పని చేసిన ఎవరైనా ఆ పేరు తలుచుకోవాలి.

ఎస్కార్టు విలువ కూడా మన తీరానికి తెలుసు. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకలు బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు కలకత్తా నుంచి బయల్దేరిన వాణిజ్య ఓడలకు తోడుగా యుద్ధనౌక లేదు. కొద్ది రోజుల్లోనే ఒడిశా, ఆంధ్ర తీరం పొడవునా ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. ఏప్రిల్ 6న వైజాగ్, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. కాబట్టి గస్తీ ఓడలు దండగ అని నేననడం లేదు. రెండూ కావాలి.

ఈ "రెండూ" అన్న చోటే నాకు బాధ. మన నేవీకి సోవియట్ యూనియన్‌లో కట్టిన పాండిచ్చేరి క్లాస్ స్వీపర్లు 12 ఉండేవి. కాకినాడ, కడలూర్, కార్వార్, కోజికోడ్ లాంటి చిన్న రేవుల పేర్లు వాటికి. ఒక్కొక్కటే వయసైపోయి వెళ్ళిపోయాయి. చివరిది ఐఎన్ఎస్ కోజికోడ్, 2019లో వైజాగ్‌లోనే జెండా దించారు. వాటి స్థానంలో 12 కొత్త ఓడలు కట్టాలన్న ప్రయత్నం ఏళ్ళ తరబడి నడిచి రద్దయింది. 2025 జులైలో రక్షణ కొనుగోళ్ళ మండలి మళ్ళీ ఆమోదం తెలిపింది. ఆమోదం నుంచి ఓడ నీళ్ళలో దిగేదాకా ఎంత కాలం పడుతుందో రేవుల దగ్గర బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంత తీరం, ఇన్ని రేవులు ఉన్న దేశానికి ఇది పెద్ద లోటు. పెద్ద యుద్ధనౌక నీళ్ళలో దిగితే అందరూ చప్పట్లు కొడతారు, మైన్ స్వీపర్ ఎవరి కంటికీ ఆనదు. అది లేకపోతే ఆ పెద్ద ఓడ రేవు గేటు దాటలేదన్న సంగతి ఎంత గట్టిగా చెప్పినా సరిపోదు.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. ఫుజైరా బయట ఉండటం మేలని చెప్పాను కానీ అక్కడ నిద్రపోవచ్చని కాదు. 2019 మే 12న ఆ లంగరు చోటనే నాలుగు ఓడల పొట్టలకు పేలుళ్ళతో చిల్లులు పడ్డాయి. అలాంటి పేలుళ్ళకు వాడే మైన్లను మనుషులే వచ్చి ఓడ పక్కకు అంటించి పోతారు, వాటిని లింపెట్ మైన్ అంటారు. లంగరు మీద ఉన్నప్పుడు రాత్రి వాచ్, ఓడ చుట్టూ లైట్లు, నిచ్చెనలు పైకి లాగి ఉంచడం, అనుకోకుండా దగ్గరకొచ్చే చిన్న బోటును వెంటనే రిపోర్ట్ చేయడం, ఇవన్నీ ఏబీ చేతిలో ఉన్న పనులు. ఓడ లోపలికి బయల్దేరితే అడగాల్సినవి వేరు. నేవీ చెప్పిన దారిలోనే వెళ్తున్నామా, పగటి పూట దాటుతున్నామా, ముందు భాగంలోనూ నీటి మట్టం కింద ఉన్న గదుల్లోనూ అవసరం లేనివాళ్ళను లేకుండా చేశారా, లైఫ్ జాకెట్ చేతికి అందేలా ఉందా. దొంగల భయం ఉన్నప్పుడు అందరూ ఇంజిన్ రూమ్ వైపు లోపలి నుంచి మూసుకునే గట్టి గదిలో, అంటే సిటడెల్‌లో దాక్కుంటారు, మైన్ భయం ఉన్నప్పుడు పైన ఉండాలి. ఈ తేడా డ్రిల్‌లో చేసి చూపించారా అని అడగమనండి. అక్కడ జీపీఎస్ తప్పుడు చోటు చూపించడం కూడా ఎక్కువ, కాబట్టి రాడార్, కంటిచూపు మీద వాచ్ గట్టిగా ఉండాలి. నీళ్ళ మీద గుండ్రంగా ఏదైనా కనిపిస్తే ఫోటో కోసం దగ్గరికి పోకుండా బ్రిడ్జికి చెప్పడమే.

దిగి వచ్చేయమనాలా అన్నది మీరు తేల్చాల్సిన ప్రశ్న కాదు, వాడు తేల్చుకోవాలి. వాడి చేతిలో ఏ హక్కులున్నాయో మాత్రం చెప్తాను. సీఫేరర్ల యూనియన్లు, ఓడల యజమానులు కలిసే ఐబీఎఫ్ అనే వేదిక ఉంది. అది ఏదైనా ప్రాంతాన్ని యుద్ధ ప్రాంతంగా ప్రకటిస్తే, ఆ ఒప్పందం కింద ఉన్న ఓడల మీద సిబ్బందికి వెళ్ళనని చెప్పే హక్కు ఉంటుంది, కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి. వెళ్ళేవాళ్ళకి బేసిక్ జీతానికి సమానంగా బోనస్, జరగరానిది జరిగితే పరిహారం రెట్టింపు. కానీ ఇది ఆ ఒప్పందం ఉన్న ఓడలకే. అందుకే కాంట్రాక్టు చూడాలి. వెళ్ళనని చెప్పాలనుకుంటే ఓడ ఆ ప్రాంతంలోకి వెళ్ళకముందే, మాస్టర్‌కి, అంటే కెప్టెన్‌కి, రాతపూర్వకంగా చెప్పాలి. దారి మధ్యలో చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు.

మన సరిహద్దు ఊళ్ళ పిల్లల్లో కొందరు ఏజెంట్‌కి లక్షలు కట్టి, ఓడల మీదికి మనుషుల్ని పంపడానికి ఉండాల్సిన ఆర్పీఎస్ఎల్ లైసెన్సు లేని వాళ్ళ ద్వారా, ఎవరి జెండానో తెలియని పాత ఓడలు ఎక్కుతున్నారు. అలాంటి చోట ఈ హక్కులన్నీ కాగితం మీద కూడా ఉండవు. మీ తమ్ముణ్ణి పంపిన ఏజెన్సీ లైసెన్సు నంబరు ముంబైలోని డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు) వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఇవాళే చూడండి. ఉంటే ఆ ఏజెన్సీ ఆఫీసులో కుటుంబాలతో మాట్లాడే మనిషి ఎవరో కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. ఓడ జలసంధి దాటే సమయంలో కొన్ని కంపెనీలు సిబ్బందికి ఇంటర్నెట్ ఆపేస్తాయి. రెండు మూడు రోజులు ఫోన్ రాకపోతే అమ్మ కంగారు పడకుండా ఈ సంగతి ముందే చెప్పండి. టీవీలో ఓడ పేరు వినిపించిందని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తే, ఆ నంబరుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే నమ్మండి.

ఓడ పేరు, అది ఎక్కడుందో చూపించే ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, ఇక్కడ కూడా రాయకండి. కాంట్రాక్టులో ఐబీఎఫ్ అన్న మాట ఉందా, ఓడ ఏ దేశం జెండా మీద ఉంది, ఈ రెండూ తమ్ముణ్ణి అడిగి రాయండి. దాన్ని బట్టి ఎవరికి ఉత్తరం పెట్టాలో, అందులో ఏం రాయాలో చెప్తాను.